అసిరప్ప వంతు

కాళ్ళు ముడుచుకుని కూర్చోండర్రా. ఊ కొట్టేవాళ్ళు ముందుకు రండి, ఆవులించేవాళ్ళు వెనక్కి పొండి. మధ్యలో లేచి మంచినీళ్ళన్నారంటే కథ అక్కడే ఆపేస్తాను. తర్వాత ఈ అవ్వ కాళ్ళమీద పడ్డా చెప్పను.

అనగనగా ఒక ఉప్పుటేరు. ఎప్పటిదని అడక్కండి, మా అవ్వకు వాళ్ళ అవ్వ చెప్పేనాటికే అది పాత సంగతి. ఆ ఏటి ఒడ్డున ఒక పేట. పేటలో ఆడా మగా అందరూ పొద్దు పొడవగానే ఉప్పుమళ్ళలోకి పోయేవాళ్ళు, పొద్దు వాలాక వచ్చేవాళ్ళు. మరి పిల్లలో? మళ్ళలోకి తీసుకుపోతే లేత కాళ్ళు పుళ్ళు పడతాయి, కళ్ళు మండుతాయి. అందుకని వాళ్ళను పేటలోనే వదిలిపోయేవాళ్ళు.

ఆ పేటలో అసిరి అని ఒక పిల్ల ఉండేది. మీ ఈడుదే. దాని చంకలో ఎప్పుడూ తమ్ముడు గురువులు ఉండేవాడు. దించితే ఏడ్చేవాడు, ఎత్తుకుంటే నిద్రపోయేవాడు. అక్క నడుం సంగతి వాడికెందుకు!

ఒకనాడు పక్కింటి ఆవిడ వచ్చింది. "ఎలాగూ ఒకడ్ని సూస్తన్నావు కదే, మా గుంటడ్ని కూడా సూడే" అంది. అసిరి సరేనంది. మర్నాడు ఎదురింటి ఆవిడ వచ్చింది. "ఎలాగూ ఇద్దర్ని సూస్తన్నావు కదే, మాదాన్ని కూడా సూడే" అంది. దానికీ సరేనంది. ఆ మర్నాడు పేటలో మిగిలినవాళ్ళంతా వచ్చారు. వాళ్ళు అడగను కూడా లేదు, పిల్లల్ని దించేసి పోయారు.

ఈ 'ఎలాగూ' అన్న మాట ఉంది చూశారూ, నాకు దాన్ని చూస్తే ఒళ్ళు మంట. ఆ ఒక్క మాట పట్టుకునే పేట పిల్లలందరినీ ఒక పిల్ల నెత్తిన రుద్దారు.

ఆ వైపు అక్కను అప్ప అంటారు. అందరికీ ఆమె అసిరప్ప అయింది.

అసిరప్ప దగ్గర ఆటబొమ్మలు లేవు. కొనే దిక్కూ లేదు. కానీ ఆమె దగ్గర పిల్లలు ఏడ్చింది లేదు. వానాకాలంలో ఇంటికప్పు కారుతుందా, కారేచోటల్లా ఒక్కొక్కరి పేరున ఒక్కో ముంత పెట్టేది. ఎవరి ముంత ముందు నిండితే వాళ్ళు రాజు. "నాకు బొట్లు తక్కువ పడతన్నాయప్పా" అని ఒకడు గోల చేస్తే కర్రతో కప్పును కాస్త పొడిచేది. అసిరప్ప వాళ్ళమ్మ వచ్చి చూసి లబోదిబోమనేది, అది వేరే సంగతి. గాలికాలంలో తాటాకు గిరకలు చేసి ముల్లుకు గుచ్చి ఇచ్చేది. వాటిని పట్టుకుని ఇసకదిబ్బల మీద పిల్లలు ఉరుకుతుంటే పేటే ఎగిరిపోతుందా అన్నట్టుండేది. ఎండాకాలంలో అరచెయ్యంత ఉప్పుమళ్ళు కట్టించేది. పిల్లలు ఏటి నీళ్ళు దోసిళ్ళతో తెచ్చి పోసి, ఎప్పుడు పేరుతుందా అని బోర్లా పడుకుని చూసేవాళ్ళు. పేరిన ఉప్పుకంటే నాకిన ఉప్పే ఎక్కువ.

ఏ కాలమైనా, సాయంత్రమయితే మాత్రం దాగుడుమూతలే. అమ్మలు వచ్చే వేళ పిల్లలకు బెంగ పుడుతుంది కదా, ఆ బెంగ తెలియకుండా ఉండాలని. దొంగ కళ్ళు మూసేది అసిరప్ప. చంకలో తమ్ముడితో పరిగెత్తలేదు, దాక్కుంటే వాడు ఊరుకోడు. అందుకని ఇసకలో చతికిలబడి, దొంగను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, రెండు అరచేతులతో కళ్ళు మూసి అనేది:

"దాగినోళ్ళు దాగండి, ఎతికినోళ్ళు ఎతకండి, నన్ను ముట్టినోళ్ళు నావోళ్ళు!"

దాక్కున్నవాళ్ళు దొంగకు చిక్కకుండా వచ్చి ఆమెను ముట్టుకుంటే గెలిచినట్టు. అందరూ పరిగెత్తుకొచ్చి ఆమె మీద పడేవాళ్ళు. ఆమె నవ్వేది.

నవ్వేది గానీ, ఆమెకు లోపల ఒక కోరిక ఉండేది. తానూ ఒక్కసారి దాక్కోవాలి. తనను ఎవరైనా వెతకాలి. అంతే. ఇంతోటి కోరికా అని నవ్వకండి. మిమ్మల్ని రోజుకు పదిమంది వెతుకుతారు కాబట్టి మీకు తెలియదు.

ఒకనాడు ధైర్యం చేసి అడిగింది.

"ఒక్కపాలి నాను దాగుతానర్రా."

పిల్లలు తెల్లబోయారు. "నువ్వు దాగితే కళ్ళెవులు మూస్తారప్పా?"

"ఈ ఒక్కపాలికే" అని బతిమాలి, తమ్ముణ్ణి ఎత్తుకుని ఉప్పురాశి వెనక్కి పోయింది. ఏటా ఉప్పంతా ఒకేచోట కుప్పపోసి తాటాకు కప్పేవాళ్ళు. ఆ ఆకు చాటున కూర్చుంది. గుండె దడదడలాడింది. అమ్మో, దాక్కోవడమంటే ఇలా ఉంటుందా అనుకుంది. అంతలో గురువులు గుక్కపట్టి ఏడ్చాడు. దొంగ నడుచుకుంటూ వచ్చి, "ఇక్కడుందిరా" అనేసి పోయాడు. వెతకనే లేదు.

ఏళ్ళు గడిచాయి. గురువులు పెద్దవాడై మళ్ళలోకి పోయాడు. అసిరప్ప ఆడించిన పిల్లలు వాళ్ళ పిల్లల్ని తెచ్చి ఆమె ఒళ్ళో వేశారు. పెళ్ళి మాట వస్తే, "ఇది ఎల్లిపోతే గుంటల్ని ఎవులు సూస్తారు?" అని పేటే అడ్డం పడింది. చంక ఖాళీ అయింది కదా అని ఆమె మళ్ళీ అడిగింది.

"ఒక్కపాలి నాను దాగుతానర్రా."

"నువ్వు దాగితే కళ్ళెవులు మూస్తారప్పా?"

"ఈ ఒక్కపాలికే" అని, బోర్లించిన పడవ కిందకి దూరింది. బాగా దాక్కుంది. మరీ బాగా దాక్కుంది. పిల్లలు వెతకడం మొదలుపెట్టేలోపు మళ్ళ నుంచి అమ్మలు వస్తూ కనిపించారు. ఇంకేముంది, అందరూ అమ్మా అంటూ ఉరికారు. ఆట మరిచిపోయారు, అప్పనూ మరిచిపోయారు. ఆమె పడవ కింద చెవులు రిక్కించుకుని కూర్చుంది. ఎవరో ఒకరు రాకపోతారా అనుకుంది. పొయ్యిల పొగ వచ్చింది, కూరల వాసన వచ్చింది, ఎవరూ రాలేదు. చీకటి పడ్డాక తనే లేచి ఇంటికి పోయింది.

ఇంట్లో వాళ్ళమ్మ అడిగిన మాటేమిటో తెలుసా? "ఇంకా కూడు వొండనేదేటే?"

ఎక్కడికి పోయావని అడగలేదర్రా. ఊ కొట్టండి, ఊరికే నా మొహం చూడకండి.

ఇంకా ఏళ్ళు గడిచాయి. అసిరప్ప జుట్టు ఉప్పులా అయింది. ఆ పిల్లల పిల్లలు వచ్చారు. చూపు ఆనకపోయినా, కళ్ళు మూస్తే అది ఎవరో అరచేతులకు తెలిసిపోయేది. "నీ రెప్పలు మీ తాతవిరా" అనేది. తాతలైనవాళ్ళు కూడా ఆమెను అప్పా అనే పిలిచేవాళ్ళు. అమ్మా అని పిలిచినవాళ్ళు లేరు.

ఒక సాయంత్రం ఆమెకు ఒంట్లో ఎలాగో ఉంది. పిల్లలు దాగుడుమూతలకు చేరారు. అసిరప్ప ఒళ్ళో ఉన్నవాణ్ణి దించేసి, మెల్లిగా లేచి నిలబడింది.

"ఈపాలి నాను దాగుతానర్రా."

"నువ్వు దాగితే కళ్ళెవులు మూస్తారప్పా?"

"మీ కళ్ళు మీరే మూసుకోండి నాయనా. తెరిసినాక మాత్తరం నన్నెతకండి. మరిసిపోకండి."

పిల్లలు కళ్ళు మూసుకున్నారు. వేళ్ళ సందుల్లోంచి ఒక్కడూ చూడలేదు. మీలాంటి వాళ్ళు కాదు. కళ్ళు తెరిచి వెతికారు. ఇళ్ళలో వెతికారు, పడవల కింద వెతికారు, మొగలిపొదల్లో వెతికారు. అప్ప లేదు.

అమ్మలూ నాన్నలూ మళ్ళ నుంచి వచ్చారు. ఎప్పుడూ ఎదురు ఉరికే పిల్లలు ఆ రోజు ఉరకలేదు. "అసిరప్ప దాగింది, దొరకనేదు" అని ఒక పిల్ల ఏడ్చింది. ఆ మాట వినగానే పెద్దవాళ్ళ మొహాలు మారిపోయాయి. ఎన్నడో ఆమెను పడవ కింద వదిలేసి అమ్మల దగ్గరికి ఉరికిన పిల్లలు వాళ్ళే కదా. తట్టలు అక్కడే పడేశారు. కూడు లేదు, నీళ్ళు లేవు. పేట పేటంతా వెతకడం మొదలుపెట్టింది.

"అసిరప్పా! ఓ అసిరప్పా!"

ముసలి గురువులు కూడా కర్ర పట్టుకుని బయల్దేరాడు. మొదటిసారి ఎక్కడ దాక్కుందో ఆయనకు గుర్తుండే వయసు కాదు అప్పుడు. కానీ అప్ప నవ్వుతూ చెప్పిన మాట గుర్తుంది, "నీ ఏడుపు మూలాన ఉప్పురాశి కాడ దొరికిపోనానురా" అని. తిన్నగా అక్కడికే పోయాడు. తాటాకు ఎత్తి చూశాడు.

ఉప్పుకు వీపు ఆనించి కూర్చుని ఉంది అసిరప్ప. ఊపిరి పైపైనే ఆడుతోంది.

"దొరికిపోనానా?" అంది.

"దొరికిపోనావప్పా."

"ఎవులెవులు ఎతుకుతన్నారురా?"

"పేట పేటంతా ఎతుకుతంది."

"నిజంగానా?"

"ఒట్టప్పా. పిలుపులు ఇంటన్నావు కదా."

గురువులు కేక వెయ్యబోయాడు. ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది.

"అప్పుడే సెప్పకురా. ఇంకాసేపు ఎతకనీ. నన్ను ఇననీ."

గురువులు ఆకు దించి పక్కనే కూర్చున్నాడు. చిన్నప్పుడు ఏడ్చిన చోటే, ఈసారి చప్పుడు చెయ్యకుండా కూర్చున్నాడు. బయట పేటంతా పిలుస్తోంది. ఏటి వైపు నుంచి పిలుస్తోంది, దిబ్బల వైపు నుంచి పిలుస్తోంది, పడవల వైపు నుంచి పిలుస్తోంది. అసిరప్పా, అసిరప్పా అని. ఆమె ప్రతి పిలుపుకీ గురువులు చెయ్యి కొంచెం నొక్కింది. తర్వాత నొక్కలేదు.

ఎందరి కళ్ళో మూసిన మనిషి. ఆమె కళ్ళు తమ్ముడు మూశాడు. చంకలో మోసిన తమ్ముడు.

అప్పుడు బయటికి వచ్చి, గొంతంతా పెట్టి, "అప్ప దొరికింది!" అని కేక వేశాడు. పోయింది అనలేదు. ఈనాటికీ ఆ పేటలో ఆ మాట అనరు.

ఇక అప్పటినుంచి అక్కడ ఒక ఆనవాయితీ. ఏటా మొదటి ఉప్పురాశి పోసిన సాయంత్రం, పిల్లల్ని చూసే ఆడవాళ్ళందరూ దాక్కుంటారు. అమ్మలు, అవ్వలు, చంకలో తమ్ముళ్ళను మోసే అప్పలు కూడా. చంకలోవాణ్ణి ఆ పూట మగవాళ్ళు ఎత్తుకోవాలి, ఏడిస్తే వాళ్ళే సముదాయించుకోవాలి. మిగిలినవాళ్ళంతా వెతకాలి. దొరికినా వెంటనే కేక వెయ్యకూడదు. పక్కన కాసేపు ఊరికే కూర్చోవాలి. దాక్కున్న మనిషి తన పేరు తను వినాలి. ఏడాది పొడుగునా తీరికలేని ఆడదాన్ని చూస్తే, "దీనికి అసిరప్ప వంతు ఎప్పుడొస్తాదో" అంటారు అక్కడ.

అదీ కథ. ఇంకా కూర్చున్నారేం? ఇంతసేపు మిమ్మల్ని కూర్చోబెట్టి ఊ కొట్టించింది ఎందుకనుకున్నారు, నా గొంతు దురదపుట్టా? ఆ ఆనవాయితీ మన ఊరికీ పాకింది, ఇవాళ పొద్దున మీ నాన్నవాళ్ళు మొదటి రాశి పోసి వచ్చారు. పొయ్యి దగ్గర చూడండి, మీ అమ్మ ఉందా? నేను కథ ఎత్తుకున్నప్పుడే జారుకుంది. దాక్కోవడానికి ఆమెకు వ్యవధి కావద్దూ.

లేవండి, పేరు పెట్టి పిలవండి. ఉత్త అమ్మా అంటే సరిపోదు, అందరూ పలుకుతారు. దొరికితే ఏం చెయ్యాలో చెప్పాను కదా.

ఆమె దొరికాక, ఒకసారి ఈ అరుగు దగ్గరికి తిరిగొచ్చి చూడండి. నేనూ ఉండను.