గుబురయ్య జోరు, గింజాలు గాదె

అనగనగా, వేసవి వస్తే నేలంతా ఇప్పపూలు రాలే ఒక అడవిలో, గుబురయ్య అనే ముసలి ఎలుగుబంటి ఉండేవాడు. ఆయన అడుగేస్తే భూకంపం, తుమ్మితే తుఫాను. ఈ మాట అడవిలో ఎవరూ అనలేదు, పిల్లలూ. ఆయనే అనుకున్నాడు. రోజూ అనుకునేవాడు, పదిమందికీ వినబడేలా.

ఆ అడవిలో ఒక ఆచారం ఉంది. ఇప్పపూలు ముందుగా ఎవరు ఏరుకోవాలో తేల్చడానికి ఏటా పుట్టలు తవ్వే పోటీ పెడతారు. ఆ ఏడు గుబురయ్యకి పోటీగా గింజాలు అనే పందికొక్కు దిగాడు. ఇద్దరికీ ఒకే ఎత్తు పుట్టలు ఇచ్చారు.

గుబురయ్య గోళ్లు విదిల్చాడు. మట్టి మబ్బుల దాకా లేచింది. చిటికెలో పుట్ట నేలమట్టం! గింజాలు మాత్రం గీకుతూ, మధ్యలో మీసాలు తుడుచుకుంటూ, పొద్దు నడినెత్తికొచ్చాక ముగించాడు.

"చూశావురా కొక్కూ? నేను చేసింది నీ పనికి పదింతలు!" అన్నాడు గుబురయ్య.

"పని ఒకటే మామా. నీ పుట్టలో ఎంత మట్టి ఉందో నా పుట్టలోనూ అంతే. నువ్వు త్వరగా తీశావు, నేను మెల్లగా తీశాను. నీకు జోరు ఎక్కువ, ఒప్పుకుంటాను. గెలిచావుగా, ఇక పోయి పూలు తిను. నీ పొట్టలో ఉరుములు నాకు వినిపిస్తున్నాయి."

గుబురయ్య రాత్రి నుంచి ఏమీ తినలేదు. పూలవైపు చూశాడు. పోటీ చూడ్డానికొచ్చి ఈలలేస్తున్న కోతులవైపు చూశాడు.

"పూలు ఎక్కడికి పోతాయిరా? జనం పోతారు!" అన్నాడు.

మొదట గుడిసెంత బండను దొర్లించాడు. నిజానికి అది గుమ్మడికాయంతే. గుబురయ్య లెక్కలో గుడిసెంత. తర్వాత ఏనుగులు కూడా వదిలేసిన మొద్దును పెకలించాడు. ఏనుగులకి దాంతో పనిలేదనుకోండి, అది వేరే సంగతి. కోతులు "ఇంకోటి మామా!" అనగానే ఇంకో పుట్ట తవ్విపారేశాడు.

అంతలో ఆకాశం నల్లబడింది. కుండపోతగా వాన. వాగు గట్టు విరిగి ముళ్లపంది బొరియ మీద పడింది. తల్లి ముళ్లమ్మ పరుగున వచ్చింది.

"అన్నా! నా పిల్లలిద్దరూ లోపలే ఉన్నారు! వాగు పొంగుతోంది!"

"తప్పుకోండి!" అని గర్జించాడు గుబురయ్య. ఒక్క పట్టు పట్టాడు. మట్టి ఎగిరింది. రెండో పట్టు పట్టాడు. మట్టి కదిలింది. మూడో పట్టుకి చెయ్యే లేవలేదు.

"గోరు వంకర పోయింది," అన్నాడు.

"ఈ మట్టి మంచి జాతి మట్టి కాదు," అన్నాడు. కోతులు కూడా నవ్వలేదు.

మూడో సాకు నాలుక చివరికి వచ్చింది. అప్పుడే మట్టి అడుగునుంచి చిన్నగా కీచుమన్న గొంతు వినిపించింది. సాకు లోపలికి పోయింది.

పక్కనే గింజాలు సన్నగా ఒక దారి తొలుస్తున్నాడు. కానీ ఆ తీరున వాడు పిల్లల్ని చేరేలోపు వాగు చేరుతుంది. అది అందరికీ కనిపిస్తూనే ఉంది.

గుబురయ్య తల దించాడు. "ఒరే గింజాలూ, నా పొట్ట ఖాళీరా. జోరుంది కానీ, దాన్ని నడిపే సరుకు లేదు. ఉన్నదంతా ఈలల కోసం తగలేశాను. ఎవరైనా ఇంత తిండి పెట్టండి. కావాలంటే నవ్వుకుంటూనే పెట్టండి."

గింజాలు మట్టిలోంచి ముక్కు బయటపెట్టాడు. "నా గాదెలో దుంపలున్నాయి, ఎండిన ఇప్పపూలున్నాయి. అది నా ఏడాది తిండి మామా..." కోతులవైపు తిరిగాడు. "కోతులూ, మొత్తం తెచ్చెయ్యండి! మామా, నోట్లో ముద్ద ఉండగా గొప్పలు మాత్రం చెప్పకు, పొలమారుతుంది."

గుబురయ్య తిన్నాడు. తింటున్నంతసేపూ గింజాలు తొలుస్తూనే ఉన్నాడు. కాస్త ఊపిరి తీసుకునేసరికి గుబురయ్య చేతుల్లోకి సత్తువ వచ్చింది. గింజాలు తొలిచిన దారి వెంటే గోళ్లు దించాడు. నీళ్లు ముళ్లమ్మ పాదాలు తాకేసరికి బొరియ తెరుచుకుంది. పిల్లలిద్దరూ బురద ముద్దల్లా దొర్లుకుంటూ వచ్చి తల్లి పొట్ట కిందికి దూరారు.

మర్నాడు పూలు ముందుగా ఏరుకునే వంతు గుబురయ్యదే. ఏరిన పూలన్నీ తీసుకెళ్లి గింజాలు గాదెలో పోశాడు. అది నిండాకే తను తిన్నాడు. కోతులు చుట్టూ చేరాయి.

"మామా, నిన్న ఎంత మట్టి తీశావు?"

"కొండంత!" అన్నాడు గుబురయ్య. గింజాలు మీసం కదిపాడు. "సరే, గుట్టంత." మీసం మళ్లీ కదిలింది. "సరేలేరా! ఒక పందికొక్కు గాదె ఖాళీ చేస్తే ఎంత వస్తుందో అంత. అందులో సగం వాడే తవ్వాడు!"

నీతి: పని చెయ్యడానికి మనలో ఉన్న నిల్వే శక్తి. ఆ పనిని ఎంత త్వరగా చేస్తామన్నది సామర్థ్యం. సామర్థ్యం చూపించుకోవడానికే శక్తిని ఖర్చు చేసినవాడికి అవసరానికి చెయ్యి లేవదు.