మేకపోతు పొడవాటి గొట్టం

మధ్యధరా సముద్రం నడుమ తెల్లరాళ్ల దీవి అనే చిన్న దీవి ఉంది. దాని నిండా పైన్ చెట్లు, ఆలివ్ పొదలు. ఆ అడవిలో మేకలు, కుందేళ్లు, ముళ్లపందులు, తాబేళ్లు ఉండేవి. ఒడ్డున రాతి గుహలో ఒక ముసలి సీల్ ఉండేది. నీళ్లలో వేటాడి, ఒడ్డుకొచ్చి ఎండలో పడుకునేది. అడవి అంతా దాన్ని సీలవ్వ అని పిలిచేది.

ఆ దీవి చుట్టూ ఉన్న నీళ్లను చూసి తీరాలి, చెబితే చాలదు. అడుగున పడిన గులకరాయి కూడా పైకి కనబడేది. అందుకే ఎండాకాలం రాగానే పడవల మీద మనుషులు వచ్చేవారు. కొందరు కళ్లకు అద్దాలు, నోట్లో జానెడు గొట్టం పెట్టుకుని, ముఖం నీళ్లలో ముంచి పైపైనే తేలేవారు. ఇంకొందరు వీపున గాలి సిలిండర్ కట్టుకుని అడుగుదాకా దిగేవారు. పైకొచ్చాక అందరి ముఖాలూ వెలిగిపోయేవి.

"వీళ్లు ఏం చూసి ఇంత సంబరపడుతున్నారు?" అని అడవిలో ఒకటే ఆరాటం.

ఒక ఏడాది మనుషులు వెళ్లిపోయాక రెండు జతల కళ్లద్దాలు ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. ఒక కుందేలు వాటిని ఏరుకుని సీలవ్వ దగ్గరికి వెళ్లింది.

"అవ్వా, నాకూ నేర్పవా?" అని అడిగింది.

సీలవ్వ నేర్పింది. రెల్లుగడను జానెడు కొరికించి, కణుపు పొడిపించి గొట్టం చేయించింది. ఊపిరి నిదానంగా ఎలా తీయాలో చూపించింది.

"రెండు మాటలు గుర్తుంచుకో. జానెడు గొట్టంతో పైనే ఉండు, కిందికి పోకు. తోడు లేకుండా దిగకు, తోడును ఒంటరిగా వదలకు" అంది.

కుందేలు మొదటిసారి ముఖం ముంచింది. కాసేపు ఊపిరి తీయడమే మరిచిపోయింది. కింద సముద్రపు గడ్డి గాలికి ఊగే వరిచేనులా ఊగుతోంది. వెండి చేపల గుంపు ఆ గడ్డి మీదుగా వెళ్తూ అంతా కలిసి ఒక్కసారే మలుపు తిరిగింది. సూర్యకిరణాలు అడుగుదాకా దిగి ఇసుక మీద ఆడుతున్నాయి. గడ్డి అంచున, ఎప్పుడో మునిగిన ఓడలోంచి జారిన పెద్ద మట్టికుండ ఒకటి సగం కూరుకుపోయి ఉంది.

కుందేలు ఒడ్డుకొచ్చి అడవి అంతటికీ చెప్పింది. "నేను పుట్టింది ఈ దీవిలోనే. అయినా దీవిలో సగం ఇవాళే చూశాను" అంది.

అడవి అంతా నోరు తెరుచుకుని వినడం ఒకరికి మాత్రం నచ్చలేదు. అది మేకల మందకు పెద్ద అయిన మేకపోతు. దీవిలోని ఎత్తైన కొండకొమ్ము ఎక్కింది అదొక్కటే. అన్నాళ్లూ అందరూ దాని కబుర్లే వినేవారు.

"పైనుంచి చూడడం కూడా ఒక గొప్పా, కోడలు పిల్లా? నేను అడుగుదాకా వెళ్తాను. ఆ కుండ మీద కాలు పెట్టి వస్తాను" అంది మేకపోతు కుందేలుతో.

"ఎలా వెళ్తావు నాయనా?" అని అడిగింది సీలవ్వ.

"కుండ రెండు బారల లోతులో ఉంది. రెండు బారల గొట్టం చేస్తాను. జానెడు గొట్టంతో పైన ఊపిరి ఆడితే, రెండు బారల గొట్టంతో రెండు బారల కింద ఆడదా? ఈ లెక్క నా మేకపిల్లలకూ తెలుసు."

"నీళ్లకు బరువుంది. లోతుకు పోయేకొద్దీ ఆ బరువంతా నీ రొమ్ము మీద కూర్చుంటుంది. గొట్టం నిండా గాలి ఉన్నా నువ్వు పీల్చలేవు. లోతుకు దిగే మనుషులు గాలిని వెంట మోసుకెళ్లేది అందుకే."

మేకపోతు గడ్డం ఎగరేసి నవ్వింది. లెక్క బాగానే ఉందని ముళ్లపందులు కూడా తలలూపాయి. వినడానికి బాగుండే లెక్కలతోనే వస్తుంది చిక్కంతా.

మర్నాడు సీలవ్వ వేటకు దీవి అవతలికి వెళ్లేదాకా మేకపోతు ఆగింది. తర్వాత కణుపులన్నీ పొడిచిన పొడవాటి రెల్లుగడ పట్టుకుని ఒడ్డుకు వచ్చింది.

"వద్దు మామా" అంది కుందేలు.

"నువ్వు రాకపోతే ఒక్కణ్ణే దిగుతాను."

ఒంటరిగా వదలొద్దన్న మాట గుర్తొచ్చి కుందేలు వెంట వెళ్లింది.

మేకపోతు కళ్లద్దాల పట్టీ కొమ్ములకు చిక్కుకుంది. దాన్ని సర్దేసరికే సగం పొద్దెక్కింది. మునగడానికి మెడలో తీగతో ఒక రాయి కట్టుకుంది. నీళ్లలో కాలు పెట్టగానే చటుక్కున వెనక్కి తీసుకుంది. అయినా తల ఎత్తుకునే నడిచింది. మేకపోతు గాంభీర్యం అని పెద్దలు ఊరికే అనలేదు.

రాయి దాన్ని కిందికి లాగింది. ఒక బార దిగగానే అది ఊపిరి పీల్చబోయింది. పీల్చలేకపోయింది. గొట్టం పైన ఆకాశమంత గాలి ఉంది, ఒక్క గుక్క కూడా లోపలికి రాలేదు. కాళ్లు కుండకు తగిలాయి. ఇసుక లేచి ఏమీ కనబడలేదు. భయంతో అది గొట్టాన్ని పళ్లతో బిగించి గిలగిలా కొట్టుకుంది.

పైన తేలుతున్న కుందేలు అదంతా చూసింది. సీలవ్వను పిలిచే వ్యవధి లేదు. తన గొట్టం వదిలేసి, గుండెల నిండా ఊపిరి తీసుకుని, మేకపోతు గొట్టాన్నే పట్టుకుని కిందికి పాకింది. ఊపిరికి పనికిరాని ఆ గొట్టం కుందేలు దిగడానికి పనికొచ్చింది.

అది మేకపోతు మెడలోని తీగను కొరికింది. చెవులు నొప్పెట్టాయి, రొమ్ము మండింది. అయినా కొరుకుతూనే ఉంది. చివరికి తీగ తెగింది. రాయి కింద పడింది, ఇద్దరూ పైకి తేలారు.

సీలవ్వ తిరిగొచ్చేసరికి ఇద్దరూ ఇసుకలో పడి దగ్గుతున్నారు. అది మేకపోతును దాటి కుందేలు వైపు తిరిగింది.

"నిన్ను కిందికి పోవద్దన్నాను కదే?"

"అన్నావు అవ్వా. తోడును ఒంటరిగా వదలొద్దని కూడా అన్నావు."

సీలవ్వ కుందేలును దగ్గరికి తీసుకుని తడి చెవులు తుడిచింది.

మేకపోతు సిగ్గుతో లేచి వెళ్లింది. రెండు బారల గొట్టాన్ని జానెడు జానెడు ముక్కలుగా కొరికింది. అడవిలోని పిల్లలందరికీ తలా ఒకటి పంచి, చివరిది తాను ఉంచుకుంది. ఆనాటి నుంచి కుందేలే అందరికీ గురువు. అద్దాలు రెండు జతలే కాబట్టి వంతులు వేసుకునేవారు.

తన వంతు వచ్చిన రోజు మేకపోతు కుందేలు పక్కన ముఖం ముంచి తేలింది. నీళ్లు తేటగా ఉన్నాయి. కింద కుండ మూతి దగ్గర ఒక ఆక్టోపస్ గులకరాళ్లు పేర్చి గడప కట్టుకుంటోంది. మేకపోతు చాలాసేపు దాన్నే చూసింది.

ఒడ్డుకు వచ్చాక మెల్లగా అంది. "నేను దాని మీద కాలు పెట్టాను, కోడలు పిల్లా. అది ఒకరి ఇల్లని ఆ రోజు నాకు కనబడనే లేదు."

నీతి: గొప్ప కోసం తెలిసినవారి మాట దాటినవాడు, తన వెంట వచ్చినవారినీ ప్రమాదంలోకి లాగుతాడు.