పీతమ్మ అడ్డనడక

ఒకప్పుడు పీత కూడా అందరిలాగే ముందుకే నడిచేది. ఎవరొచ్చినా తప్పుకునేది కాదు.

ఏరు సముద్రంలో కలిసే ఏటిమొగలో, మడచెట్ల కింద బురదలో పీతమ్మకి ఒక ఇల్లుండేది. నున్నటి గుమ్మం, చల్లటి గోడలు. అంతా తన ఎడంచేత్తోనే తవ్వుకుంది. ఆవిడకి బలమైన చెయ్యి అదే. కుడిచెయ్యి ఉందంటే ఉంది, చీపురుపుల్లంత.

పోటొచ్చినప్పుడల్లా సముద్రుడు అందరి ఇళ్ళూ ముంచేసేవాడు. అందరూ వెళ్ళి మొత్తుకున్నారు. ఆయన ఒక కంప్యూటరు ఇచ్చాడు.

"ఎవరింటి చుట్టూ వాళ్ళు ఇందులో గీత గీసుకోండి. పొద్దుగూకేలోగా గీస్తే ఆ గీత ఎన్నటికీ దాటను" అన్నాడు.

దాని మౌసు ఇప్పటిలాగా ప్లాస్టిక్కుది కాదు. నిజం ఎలుకే. ఎడమచెవి నొక్కిపట్టి లాగితే గీత పడుతుంది. కుడిచెవి నొక్కితే గీసిందంతా చెరిగిపోతుంది. దాన్ని కంప్యూటరుకి కట్టే పని నీటికుక్క చేశాడు. తను కుడిచేతివాడు కాబట్టి కుడిపక్క గుంజకి, తోక పొట్టిగా లాగి, బిగించి కట్టాడు. ఎడంచేతివాళ్ళున్నారా అని ఎవర్నీ అడగలేదు.

తాబేలు గీసుకుంది. కొంగ కుడికాలితో చిటికెలో గీసేసుకుని పక్కన నిలబడింది, మిగతావాళ్ళకి వంకలు పెట్టడానికి.

పీతమ్మ వచ్చి ఎడంచెయ్యి చాపింది. అందలేదు.

"బాబూ, ఆ ఎలుకని కాస్త ఇటుపక్కకి కట్టవా" అంది.

"ఊళ్ళో ఎవరికీ లేని తంటా నీకొక్కదానికే వచ్చిందా? కుడిచేత్తో గీయి పిన్నీ. అలవాటైపోతుంది" అన్నాడు నీటికుక్క.

"ఇంటికి గీత గీస్తూ ఎడంచెయ్యా? హారతి కూడా ఆ చేత్తోనే ఇస్తావా ఏంటి వదినా?" అని కొంగ నవ్వింది.

"ఇల్లు ఈ చేత్తోనే తవ్వాను. అప్పుడెవరికీ తప్పు కనపడలేదు" అంది పీతమ్మ.

నీటికుక్కకి కోపమొచ్చింది. "ఎడంచెయ్యంటేనే ఎడంగా ఉండాల్సిన చెయ్యి. పేరులోనే ఉంది. ఎడంగా ఉండు."

పీతమ్మ ఇంక బతిమాలలేదు. ఎలుకకోసం కుడిపక్కకి జరిగింది. అక్కడినుంచి తెరకి ఎడమ అంచున ఉన్న తన ఇల్లు కనపడలేదు. చూసుకోవడానికి మళ్ళీ ఎడమకి జరిగింది. ఇల్లు కనపడితే ఎలుక అందదు, ఎలుక అందితే ఇల్లు కనపడదు. అటూ ఇటూ, అటూ ఇటూ. మొహం మాత్రం తెరవైపే.

ఎలాగో ఇంటికి మూడువైపులా గీసింది. ఇంకొక్క వైపే ఉంది. అంతలో చెయ్యి జారి కుడిచెవి మీద పడింది. గీత మొత్తం చెరిగిపోయింది.

"నన్ను తిట్టకమ్మా. నా తోక వాళ్ళ చేతుల్లో ఉంది" అంది ఎలుక.

మళ్ళీ మొదలుపెట్టింది. పొద్దుగూకింది.

సముద్రుడు మాట తప్పలేదు. తాబేలు గీత దగ్గర ఆగాడు, కొంగ గీత దగ్గర ఆగాడు. పీతమ్మ గీత సగమే ఉంది. గుమ్మంలోంచి లోపలికొచ్చాడు. నున్నటి గోడలు బురదలో కలిసిపోయాయి.

"చెప్పాను కదా, కుడిచేత్తో గీయమని" అన్నాడు నీటికుక్క.

పీతమ్మ ముందుకి అడుగేయబోయింది. అడుగు పడలేదు. అటూ ఇటూ జరిగీ జరిగీ మోకాళ్ళు పక్కలకి తిరిగిపోయి, అలాగే బిగుసుకుపోయాయి.

"ఎడంగా ఉండమన్నావుగా నాయనా. ఉంటాను" అని పక్కకి జరుగుతూ వెళ్ళిపోయింది.

అప్పటినుంచే పీత అడ్డంగా నడుస్తుంది. ఎవరు ఎదురొచ్చినా ఎడంగా జరిగిపోతుంది, చెయ్యి మాత్రం పైకెత్తే ఉంచుతుంది. పోటొస్తే ఇల్లు పోతుంది. నీళ్ళు వెనక్కి తీశాక మళ్ళీ తవ్వుకుంటుంది, ఎవర్నీ ఏమీ అడక్కుండా.