ఉట్టిబండ ఓబులవ్వ: నేలకు దించని కుండ

ఉట్టిబండకు వచ్చిన భక్తులు ముందుగా గుడి ఎక్కడ అని అడుగుతారు. గుడి లేదు. గుట్టకు పడమటి వైపున గొడుగులా ముందుకు వచ్చిన పెద్ద బండ ఒకటి ఉంది. దాని అంచుకు ఒక ఉట్టి వేలాడుతూ ఉంటుంది. ఉట్టిలో జానెడు ఎత్తు నల్లటి మట్టికుండ, కుండలో పెరుగు. అదే అమ్మవారు. పసుపు కుంకుమలు, వేపాకు అన్నీ ఆ కుండకే. విగ్రహం లేదు, పీఠం లేదు, కూర్చోవడానికి అరుగు అసలే లేదు.

ఆ ఉట్టి ఆగకూడదు. పగలంతా భక్తులు ఒక్కొక్కరే మునివేళ్ళతో మెల్లగా ఊపి ముందుకు సాగుతారు. ఎవరూ లేనప్పుడు గుట్టసందు గాలి ఆ పని చూసుకుంటుంది. గాలి పడిపోతే వంతులవారీగా ఉట్టిని కనిపెట్టుకుని ఉండే వంతువాళ్ళు ఊపుతారు. ఈమధ్య ఫోటోల కోసం ఉయ్యాల ఊపినట్టు ఊపేవాళ్ళు ఎక్కువయ్యారు. దయచేసి అలా చేయకండి. కుండ పగిలితే కొత్తది తెస్తాం, కానీ అందులో ఉన్నది మా అవ్వ.

నేను వంతువాళ్ళలో ఒకడిని, ఓబులవ్వ సంతతివాడిని. ఈ పుస్తకం రాయమని కమిటీవారు అడిగినప్పుడు ఒకచోట కూర్చుని రాయాలి కదా అని భయపడ్డాను. మా వంశంలో ఎవరికీ కుదురు లేదు. ఈ నాలుగు పేజీలకే ఏడుసార్లు లేచాను.

పూర్వం ఈ గుట్టకింద ఆవులు మేపుకునేవారి ఇళ్ళు నాలుగే ఉండేవి. నాలుగూ ఓబులవ్వ కొడుకులవి. ఆమె నూట మూడేళ్ళు బతికిందంటారు. రెండు కరువులు చూసింది. భర్త చిన్న వయసులోనే పాముకాటుతో పోతే నలుగురు పిల్లలనూ పద్నాలుగు ఆవులనూ ఒంటిచేత్తో సాకింది. ముప్పై ఒక్కమంది మనవలూ మునిమనవలూ ఆమె చేతుల్లోనే భూమ్మీద పడ్డారు. ఆమె కూర్చుని అన్నం తినగా చూసినవారు లేరు. ముద్ద నోట్లో, కాలు వాకిట్లో. ఒక దూడను అదిలిస్తూ, ఒక మనవరాలి జడ బిగిస్తూ, పొయ్యి దగ్గర కోడలిని కసురుతూ తిరిగేది. కసిరిన కోడలికే జ్వరం వస్తే మూడు రోజులు పక్కన నిలబడి విసనకర్రతో విసిరేది.

అవ్వకు ఒక కట్టుబాటు ఉండేది. పాలు తోడుపెట్టడానికి వేసే పెరుగు చుక్కను మావైపు చేమిరి అంటాం. ఏ ఇల్లూ తన చేమిరి తాను వాడుకోకూడదు. సాయంత్రం కాగానే అవ్వ చిన్న కుండ పట్టుకుని బయలుదేరేది. పెద్దకొడుకు గంగులప్ప ఇంటి పెరుగు రెండో ఇంటి పాలలో వేసేది. రెండో ఇంటిది మూడో ఇంటికి, మూడో ఇంటిది చిన్నకొడుకు కదిరప్ప ఇంటికి. కదిరప్ప ఇంటిది తిరిగి గంగులప్ప పాలలోకి.

అన్నదమ్ములు పోట్లాడుకోలేదని కాదు. చెలమ దగ్గర నీళ్ళ కోసం కర్రలు లేచిన రోజులూ ఉన్నాయి. కానీ సాయంత్రానికి అవ్వ కుండతో గడప ముందు నిలబడేది. ఒక్కరు లేదంటే మరునాడు పక్కింటికి, నాలుగు రోజుల్లో నాలుగిళ్ళకూ పెరుగు ఉండదు. అందుకని గొణుక్కుంటూనే గరిటె అందించేవారు.

నూట రెండో ఏట అవ్వ వాకిట్లో జారిపడింది. తుంటి నొప్పి తగ్గాక మళ్ళీ కుండ అందుకోబోతే కొడుకులు ఒప్పుకోలేదు. ఇన్నేళ్ళు చేసింది చాలన్నారు. గంగులప్ప తన పంచలో నున్నటి బండతో అరుగు కట్టించి, దుప్పటి పరిచి, తల్లిని ఎత్తుకొచ్చి కూర్చోబెట్టాడు. ప్రేమతోనే చేశాడు. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు మనసులో ఉండదు. ప్రేమతో అంత తప్పు చేయవచ్చని మావాళ్ళకు తెలియలేదు.

అవ్వ తిరగడం మానగానే ఎవరి చేమిరి వారు దాచుకున్నారు. ఆ ఎండాకాలం చెలమ అడుగంటింది. గంగులప్ప ఆవులు ముందుగా తాగేస్తే కదిరప్ప దూడలు రెండు దాహంతో పడిపోయాయి. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. కదిరప్ప తన మందను తోలుకుని వేరే సీమకు పోతానన్నాడు. ఆపడానికి గడప ముందుకు వచ్చి నిలబడేవారు లేరు.

అరుగు మీద అవ్వ పాదం మాత్రం ఆడుతూనే ఉండేది. పెద్దకోడలు గిన్నెలో పెరుగన్నం కలిపి తెస్తే ఒకటే మాట అడిగేది. "ఎవురింటిది?"

"మనింటిదే అత్తా."

అవ్వ గిన్నె పక్కకు నెట్టేది. ఏడాది పాటు ఆమె పెరుగు ముట్టలేదు. ఒక సాయంత్రం అలాగే అడిగి, అలాగే గిన్నె నెట్టి, గోడకు ఒరిగి కన్నుమూసింది. అప్పుడు గానీ ఆ పాదం ఆగలేదు.

గంగులప్ప ఆమె కుండను అదే అరుగు మీద పెట్టి పూలు చుట్టాడు. కదిరప్ప కర్మలు కాగానే అన్నగారింట మెతుకు ముట్టకుండా మందను తోలుకుని ఈ బండ కిందకు వచ్చి దిగాడు. పొద్దున్నే గుట్ట దాటిపోవాలని అతని ఆలోచన. అయితే అవ్వ పోయిన నాటి నుంచి నాలుగిళ్ళలోనూ పాలు తోడుకోలేదు. ఎంత చేమిరి వేసినా తీగలు సాగే జిగురే మిగిలేది. చివరికి చేమిరి కూడా అయిపోయింది.

తెల్లవారుజామున కదిరప్పకు కలలో అవ్వ కనబడింది. కుండ చంకన పెట్టుకుని, ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుతూ నిలబడి ఉంది.

"అబ్బీ, నన్ను కూచోబెట్టినారు. నా కాళ్ళు పీకతాండాయి రా. ఆ కుండను యాలాడదియ్యండి. నువ్వు పోతే పో గానీ, మీ అన్న ఇంటి చేమిరి తెచ్చి దాంట్లో పోసి పో."

కదిరప్ప గుట్ట దిగాడు. అన్న గడప ముందు చాలాసేపు నిలబడ్డాడట. తల్లి వేలసార్లు నిలబడిన చోటు అది. ఆఖరికి, "అన్నా, చేమిరి ఉంటే ఇంత పెట్టు," అన్నాడు.

ఇంట్లో చుక్క లేదు. అప్పుడు పెద్దకోడలు లోపలి నుంచి ఒక గిన్నె తెచ్చింది. అవ్వ చివరి సాయంత్రం నెట్టేసిన గిన్నె. కడగడానికి ఆమెకు చేతులు రాలేదు. అంచున పెరుగు ఎండి పొక్కు కట్టింది. గంగులప్ప దాన్ని గోటితో గీకుతూ ఏడ్చాడు. తల్లి పోయిననాడు కూడా అతను ఏడవలేదంటారు. కుండను తానే అరుగు మీంచి తీసి తమ్ముడి వెంట గుట్ట ఎక్కాడు. కదిరప్ప ఆవు పాలలో ఆ పొక్కు కలిపి, బండకు ఉట్టి కట్టి వేలాడదీశారు. మరునాటికి పెరుగు గడ్డగా తోడుకుంది. కదిరప్ప మంద గుట్ట దాటలేదు. ఆ తర్వాత కూడా అన్నదమ్ములు పోట్లాడుకున్నారు, కానీ ఎవరూ ఊరు విడిచిపోలేదు.

నేటికీ శ్రావణమాసం చివరి శనివారం భక్తులు ఈ కుండలో పెరుగు సమర్పిస్తారు. తమ ఇంటిది పనికిరాదు. తమకు మాటల్లేని వారి ఇంటికి వెళ్ళి అడిగి తేవాలి. వంతులో ఉన్నవారు మంత్రాలేమీ చదవరు. "ఎవురింటిది?" అని మాత్రం అడుగుతారు. మా ఇంటిదే అన్నవారి గిన్నె తిరిగి ఇచ్చేస్తారు. తిరిగి వెళ్ళేటప్పుడు అందరికీ కుండలోని చేమిరి ఒక చుక్క ఇస్తారు. ఉద్యోగాలు, సంతానం అవ్వ ఇస్తుందో లేదో నేను చెప్పలేను. విడిపోయిన ఇళ్ళు కలిసినవి మాత్రం చాలా చూశాను.

నా గిన్నెను రెండేళ్ళు వరసగా తిప్పి పంపారు. మా తమ్ముడికీ నాకూ ఆరేళ్ళుగా మాటల్లేవు. కారణం రాస్తే మరీ చిన్నగా కనిపిస్తుంది కాబట్టి రాయను. పోయిన శ్రావణంలో ఖాళీ గిన్నెతో వాడి గడప ముందు నిలబడ్డాను. వాడు గిన్నె అందుకుని లోపలికి పోయి, నిండా పెరుగుతో వచ్చాడు.

"కూచోన్నా. అన్నం తిని పోదువు," అన్నాడు.

ఆ పూట ఉట్టి వంతు నాది. గాలి చూసుకుంటుందిలే అనుకుని కూర్చున్నాను.