చుక్కలపెట్ట పొదుగుడు సెలవు

ఏనుగమ్మ గాదెల్లో ఏడాది పొడుగునా ధాన్యం ఉండేది. ధాన్యం ఉన్నన్నాళ్ళూ ముక్కపురుగులూ ఉండేవి. వాటిని ఏరే పని కోళ్ళది, ఆ కోళ్ళ మీద గుమాస్తా నక్క. కోళ్ళ మీద నక్కని పెట్టడమేమిటని అడక్కండి, పెత్తనాలు ఎక్కడైనా అలాగే ఇస్తారు. పోనీ అది కోళ్ళని తినేదా అంటే, లేదు. అంతకంటే మర్యాదైన పద్ధతులు దానికి తెలుసు.

చుక్కలపెట్ట అక్కడ మూడేళ్ళుగా పని చేస్తోంది. దాని గుడ్లు ఒకసారి పాము పాలయ్యాయి, ఇంకోసారి కాకి పాలయ్యాయి. ఈసారైనా పిల్లల్ని కళ్ళారా చూడాలని దాని ఆశ. తొలి గుడ్డు పెట్టగానే సంతోషం పట్టలేక పరుగెత్తుకెళ్ళి, అందరికంటే ముందు నక్కకే చెప్పింది.

"శుభం తల్లీ. అమ్మగారు పెట్టిన రూలు ఉందిగా, పొదిగే పెట్టకి ఇరవై ఒక్క రోజుల సెలవు. ఒక్క రోజు కూడా తగ్గించను" అంది నక్క.

"మీ మేలు మర్చిపోను గుమాస్తా గారూ."

నక్క గోడ మీద గోటితో ఒక గీత గీసింది. చుక్కలపెట్ట ఆ గీత చూసింది కూడా. తన శుభవార్త గుర్తు పెట్టుకుంటోంది కాబోలనుకుంది, పిచ్చిది.

కోడి సంగతి మీకు తెలిసిందే. రోజుకో గుడ్డు పెడుతుంది, అన్నీ పెట్టాకే పొదగడానికి కూర్చుంటుంది. చుక్కలపెట్ట పదకొండు పెట్టింది. ఆ పదకొండు రోజులూ గుడ్డు పెట్టడం, పనికి వెళ్ళడం. ఒక్క పూట మానలేదు. నక్క వద్దనలేదు. పన్నెండో రోజు గంపలో గడ్డి పరుచుకుని కూర్చుంది.

అలా కూర్చుని పది రోజులైంది. మర్నాడు పొద్దున్నే నక్క గంప దగ్గరికి వచ్చింది.

"ఏమ్మా, పనికి రాలేదేం?"

"సెలవు కదండీ. ఇంకా పదకొండు రోజులున్నాయి."

"ఎక్కడివమ్మా? తొలి గుడ్డు నాటి నుంచీ లెక్క, గోడ మీద రోజుకో గీత గీశాను. నిన్నటితో ఇరవై ఒకటీ అయిపోయాయి."

"ఆ పదకొండు రోజులూ నేను పని చేశానుగా."

"చెయ్యమని నేనన్నానా? చేశావు. నీ మంచితనం."

చుక్కలపెట్ట గుడ్ల మీద గడ్డి కప్పి ఏనుగమ్మ దగ్గరికి పరుగెత్తింది. ఏనుగమ్మ చెరుకు నములుతూ అంతా విన్నది.

"నేను నా బిడ్డని ఇరవై రెండు నెలలు మోశాను. మోస్తూనే దుంగలు లాగాను. ఎవరినైనా దేబిరించానా?"

"మీ బిడ్డ మీ కడుపులో ఉన్నాడు అమ్మగారూ. మీరెక్కడికి వెళ్తే అక్కడికి వస్తాడు. నా పిల్లలు గంపలో ఉన్నారు."

ఏనుగమ్మ నమలడం ఆపింది. చుక్కలపెట్టకి కొంచెం ఆశ పుట్టింది.

"గోడ మీద గీతలున్నాయన్నాడు గుమాస్తా. గీతలున్నాక నేనేం చెప్పను?" అని ఏనుగమ్మ ఇంకో గడ అందుకుంది.

చుక్కలపెట్ట ఇంటికొచ్చి తన పుంజుని బతిమాలింది. "పగటిపూట కాసేపు మీరు కూర్చోండి."

"నేనా? నేను గంపలో కూర్చుంటే ఊరికి తెల్లారేదెలా?"

"తెల్లారాకే కూర్చోండి."

పుంజు పెంటకుప్ప ఎక్కి కూసింది.

పని మానేద్దామంటే తిండెక్కడిది? అడవంతా ఏనుగమ్మదే, గాదె వదిలిన కోడి ఇంకెక్కడా గీరకూడదని నక్క ఆంక్ష. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు. అందుకని చుక్కలపెట్ట పొద్దున పనికి వెళ్ళేది, మధ్యాహ్నం గంప దగ్గరికి పరుగెత్తి వచ్చేది, మళ్ళీ వెళ్ళేది. వచ్చి కూర్చున్న ప్రతిసారీ గుడ్లు కడుపు కింద చల్లగా తగిలేవి. దాని ప్రాణం ఉసూరుమనేది. గాదె దగ్గర పురుగు మీద పడాల్సిన ముక్కు గింజ మీద పడేది.

"మనసు పని మీద లేదే" అనేది నక్క.

పిల్లలు లేవాల్సిన రోజు వచ్చింది, వెళ్ళింది. ఇంకో మూడు రోజులు చూసింది. నాలుగో రోజు గుడ్లని ముక్కుతో ఒక్కొక్కటే దొర్లించింది. పది గుడ్లు లోపల గలగలమన్నాయి. మురిగిపోయాయి. పదకొండోది గలగలమనలేదు. దాన్ని పొడిచి చూస్తే లోపల పిల్ల పూర్తిగా తయారై ఉంది, నూగుతో సహా. ముక్కు పెంకుకి ఆనించి ఉంది. ఇంకొక్క రోజు వెచ్చదనం దొరికితే లేచేది.

ఆ రోజు చుక్కలపెట్ట పనికి ఆలస్యంగా వెళ్ళింది. నక్క విషయం విని తల ఊపింది.

"పోనీలే తల్లీ, రాత. ఇక ఇంటి ధ్యాస ఉండదుగా. ఇవాళ్టి నుంచి రెండో గాదె కూడా నువ్వే చూడు."

"అలాగేనండీ" అంది చుక్కలపెట్ట.

రెండో గాదెలో పురుగు ఎక్కువగా ఉంది. దీపాలవేళ దాకా ఏరింది.

నీతి: ఎన్నాళ్ళు ఇస్తారని సంబరపడే ముందు, ఏనాటి నుంచి ఇస్తారో అడగాలి.