ఫకీరు అడిగిన మేత

ఉదయం ఆరూ పదికి గఫూర్ ఫకీర్లుండే తకియా వెనక మడిలో ఆవ మొక్కల్ని వేళ్లతో సహా పీకి నీలం డ్రమ్ములో కుక్కుతున్నాడు. చేతులు పని చేస్తున్నా చూపు మాటిమాటికీ సందు వైపే పోతోంది.

ఆ మడిలో ఒకప్పుడు పాత బ్యాటరీలు పగలగొట్టేవారు. మట్టిలోకి సీసం దిగింది. వ్యవసాయ కాలేజీవాళ్లు వచ్చి, సీసాన్ని వేళ్లకు అందేలా చేసే బ్యాక్టీరియా కలిపిన నీళ్లు చల్లి, ఆవాలు వేయించారు. మొక్కలు సీసాన్ని పీల్చుకుంటాయి. పీకినవాటిని డ్రమ్ములో మూసి తమకే అప్పగించమన్నారు.

తకియా పెద్ద, గఫూర్ గురువైన ఫకీరు సత్తార్ షా వచ్చి డ్రమ్ములోకి తొంగిచూశాడు.

"తగ్గిందేంరా?"

"సందులో ఉండే హుసేన్‌బీ వచ్చింది బాబా. మేకలకు మేత లేదంది. మన గడప తొక్కినవాళ్లను వట్టి చేతులతో పంపకూడదు కదా. ఒక కట్ట ఇచ్చాను." గఫూర్ గొంతు తగ్గింది. "మూడుసార్లు కడిగే ఇచ్చాను. నమాజుకు ముందు చేతులు కడుక్కున్నట్టే."

"ఆ మేకల పాలు ఎవరు తాగుతారు?"

గఫూర్ చేతిలోని మొక్కను డ్రమ్ములో పడేసి లేచాడు. హుసేన్‌బీ మనవరాలికి ఇంకా రెండేళ్లు నిండలేదు.

"పోయి తెచ్చేస్తాను బాబా. కానీ ఇచ్చింది వెనక్కి లాక్కుంటే తకియా పరువేం కావాలి?"

సత్తార్ షా కొడవలి తీసుకున్నాడు. తను రోజూ కింద కూర్చునే అవిశె చెట్టు కొమ్మలన్నీ కోశాడు. నీడ పోయింది. కొమ్మల్ని గఫూర్ నెత్తిన పెట్టి, జోలె భుజాన వేసుకుని సందులోకి నడిచాడు. గఫూర్ ముందుకు పరుగెత్తాడు, ఆగాడు, మళ్లీ పరుగెత్తాడు.

హుసేన్‌బీ అప్పుడే కట్ట విప్పుతోంది. మేకలు పలుపులు తెంచుకునేలా గుంజుతున్నాయి.

ఫకీరు వాకిట్లో నిలబడి జోలె చాపాడు. "భిక్ష వెయ్యి తల్లీ. ఆ ఆకు కావాలి."

ఆమె పకపకా నవ్వింది. "మేకల మేత అడుక్కునే రోజొచ్చిందా బాబా? మీ గఫూర్ వండి పెట్టడం లేదా?"

"దాంట్లో సీసం ఉందమ్మా, కడిగినా పోదు. వాడికి కడగడం ఒక్కటే వచ్చు."

ఆమె నవ్వు ఆగింది. ఆకంతా ఎత్తి జోలెలో పడేసింది. గఫూర్ కొమ్మలు మేకల ముందు దించి, నేల మీద మోకరిల్లి, రాలిన ఆకుల్ని ఒక్కొక్కటే ఏరాడు. మేక ఒకటి అతని చేతిలోని ఆకు వైపు మెడ చాపితే గుప్పిట బిగించుకున్నాడు.

తరువాతి శుక్రవారం, డ్రమ్ము తీసుకెళ్లి పరీక్ష చేసిన కాలేజీవాళ్లు ఫోన్ చేశారు. ఆకుల్లో సీసం పశువులకు పెట్టకూడనంత చేరిందట. పంట చాలా బాగా వచ్చిందని, మళ్లీ అదే విత్తనం వేయమన్నారు.