నూలుపేటను లేపిన చౌడవ్వ

అనగనగా రాజు లేని ఊరొకటి ఉండేది. పేరు నూలుపేట. ఎవరు కొత్త నేత కనిపెట్టినా ఊరందరికీ నేర్పాలి, నచ్చినవారు నేసుకోవాలి. శాసనమంటూ ఉంటే అదొక్కటే.

నేతపని ఎండ ముదరకముందే మొదలవ్వాలి. తెల్లవారుతుండగానే వీధి పొడవునా పడుగు, అంటే నిలువు పోగులు చాచి, ఆ నూలుకు గంజి పట్టించాలి. ఎండెక్కితే గంజి బిరుసెక్కి పోగులు తెగిపోతాయి. అందుకని ఊరిని వేళకు లేపే పని చౌడవ్వకు అప్పగించారు.

చౌడవ్వ కోడికన్నా ముందే లేచేది. చేతికర్రతో ఒక్కో తలుపూ తట్టేది. తట్టడానికీ ఒక వరస ఉంది. ముందు నీళ్లు తోడేవారు, తర్వాత గంజి కాచేవారు, ఆ తర్వాత పడుగు చాచేవారు. "లేవరా నాయనా, కలలో నేసిన చీర ఎవరూ కట్టరు!" అనేది. లోపలినుంచి "లేచానవ్వా!" అని పలికేవారు. ఆమెకు పిల్లల్లేరు. పొద్దున్నే అన్ని గొంతులు అవ్వా అని పిలుస్తుంటే ఆ లోటే తెలిసేది కాదు.

ముప్పై గడపల ఊరు మూడువందల గడపలైంది. చౌడవ్వ కాళ్లు మాత్రం ఆ రెండే. ఆమె చివరి వీధికి చేరేసరికి ఎండ ఆమెకన్నా ముందే చేరేది.

అప్పుడు చివరి వీధి తిప్పన్న ఒక ఉపాయం పన్నాడు. ఇంటింటికీ గంట కట్టి, తాళ్లన్నీ తన ఇంటికి తెచ్చుకున్నాడు. ఒక్క లాగు లాగితే ఊరంతా గణగణ!

ఇక చూడండి గొడవ. "మా తాతల్ని లేపిన కర్ర మాకు చాలదా?" అన్నారు కొందరు. "మీ తాతల పోగులు తెగలేదు, మావి తెగుతున్నాయి!" అన్నారు చివరి వీధివాళ్లు. "ఇవాళ గంట అంటాడు, రేపు తలుపు గడియ కూడా తన తాడుకే కట్టమంటాడు" అని ఇంకొకాయన. వేరే పేట కట్టుకుని పోతామని మూటలు సర్దినవారూ ఉన్నారు. అన్నదమ్ములకు మాటలు లేవు, వియ్యంకులకు విందులు లేవు.

ఊరి పెద్ద బసవన్న గడ్డం నిమురుకున్నాడు. "ఎవరికి ఎలా ఇష్టమో అలా లేవండి, వద్దన్నదెవరు? కానీ కర్ర కావాలో గంట కావాలో చెప్పని ఇళ్లున్నాయే, వాటిని ఎవరు లేపాలి? తగువంతా అక్కడే. ఒక పొద్దు అవ్వ, ఒక పొద్దు తిప్పన్న లేపనీ, మూడో పొద్దున తేల్చుకుందాం."

మొదటి పొద్దు చౌడవ్వది. ఏ ఇల్లూ తప్పలేదు, ఏ వరసా తప్పలేదు. కానీ చివరి వీధిలో పోగులు పుటుక్కుపుటుక్కున తెగుతుంటే ఆమె నిలబడి చూసింది.

రెండో పొద్దు తిప్పన్నది. గణగణ! అందరూ ఒక్కసారే లేచారు. బావి దగ్గర తోపులాట. గంజి కుండ పొయ్యెక్కకముందే వీధుల్లో పడుగులు చాచేశారు. గంజి కాగేసరికి ఎండ నెత్తికెక్కింది. ఆ రోజు అన్ని వీధుల్లోనూ పోగులు తెగాయి.

"నువ్వు గెలిచినట్టే అవ్వా! రేపటిదాకా నోరు మెదపకు, చాలు" అన్నారు ఆమె పక్షంవాళ్లు.

నోరు మెదపకపోవడం చాలా తేలిక. చౌడవ్వ మధ్యాహ్నం దాకా మెదపలేదు. ఆ తర్వాత కర్ర పుచ్చుకుని తిప్పన్న ఇంటికి వెళ్లింది. అతను తాళ్ల మధ్య తల వంచుకుని కూర్చున్నాడు.

"తాళ్లది తప్పు కాదు నాయనా. ఎవరికోసం ఎవరు ఆగాలో వాటికి తెలీదు. నాకు తెలుసు, చెబుతా రా" అంది.

తిప్పన్న తెల్లబోయాడు. "చెబితే నీ పని పోతుంది కదవ్వా!"

"పోతుంది" అంది చౌడవ్వ. "నేను పోయాక కూడా ఊరు లేవాలి కదరా."

ఆమె ఒక్కో ఇంటి పేరూ చెప్పింది, అతను ఒక్కో తాడూ విడదీశాడు. పొద్దుగూకేలోగా మూడు కట్టలయ్యాయి.

మూడో పొద్దున తిప్పన్న మొదటి కట్ట లాగితే బావుల గిలకలు కిర్రుమన్నాయి. నీళ్లు చేరాక రెండోది లాగితే గంజి కాగింది. మూడోది లాగితే పడుగులు పరుచుకున్నాయి. ఎండ వచ్చి చూస్తే చివరి వీధిలో కూడా పని పూర్తయింది.

బసవన్న తీర్పు చెప్పాడు. "నోరు విప్పని ఇంటికి గంట. చౌడవ్వే కావాలన్నవారు ఇప్పుడు చెప్పండి."

ఎవరో ఒకరు అడుగుతారులే అని అందరూ ఊరుకున్నారు. చౌడవ్వ తల దించుకుని, కర్ర చంకన పెట్టుకుని లేచింది.

"మా ఇంటికి చౌడవ్వే కావాలి!" అన్నాడు తిప్పన్న.

జనం గొల్లున నవ్వారు. "గంటలు చేసినవాడికే గంట వద్దా?"

"నాకూ గంట కడితే దాన్ని లాగేదెవరు? ఊరంతటినీ నేను లేపుతాను. మరి నన్ను లేపడానికి ఒకరుండాలి కదా!"

బసవన్న సరేనని తలూపాడు.

మర్నాడు చౌడవ్వ కోడికన్నా ముందే లేచి, ఒకే ఒక్క తలుపు తట్టింది. తిప్పన్న లేచి తాళ్ల కట్టలు ఒకదాని తర్వాత ఒకటి లాగాడు. ఆమె అతని అరుగు మీద కూర్చుని విన్నది. గంటలు మోగాయి. ఆ వెంటనే, అలవాటు ఎక్కడికి పోతుంది, నీళ్లు తోడేవారి ఇళ్లనుంచి చివరి వీధిదాకా ఇంటింటినుంచీ ఒకటే కేక: "లేచానవ్వా!"

చౌడవ్వ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

కాబట్టి పిల్లలూ, పాత దారి తెలిసినవారు దాన్ని తమలోనే దాచుకోకూడదు. కొత్త దారి వేసినవారు పాత దారి చెప్పినవారిని మరవకూడదు.